పెట్టెలోని గొంగడి

మా పనిని ఉద్యోగం అంటే మా వాళ్లకు కోపం. సేవ అనాలట. సరే, అలాగే అందాం. కానీ నెలనెలా జీతం వచ్చేది, బదిలీ కాగితం వచ్చేది, పైవాళ్ల చీవాట్లు వచ్చేవి, చివరికి దండ వేసి శాలువా కప్పి ఇంటికి పంపించారు. ఇన్ని లక్షణాలున్నదాన్ని ఉద్యోగం అనకపోతే ఇంకేమనాలో నాకు తెలియదు. సంఘ కాపరిగా చాలా ఊళ్లు తిరిగాను. పెళ్లిళ్లు చేశాను, సమాధులు చేశాను, పాడైన మైకులు బాగుచేశాను. ఈమధ్య కొత్తగా సేవలోకి వచ్చిన తమ్ముళ్లు కొందరు మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో పెద్ద విజయం ఏది అయ్యగారూ అని అడుగుతుంటారు. చర్చి కట్టిన సంగతో, మైదానం నిండా జనంతో సభ పెట్టిన సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను గొంగడి సంగతి చెబుతాను. మొదట మొహాలు చిన్నబుచ్చుకుంటారు, తర్వాత టీ చల్లారిపోయినా పట్టించుకోరు.

నా చివరి పోస్టింగుల్లో ఒకటి ఎల్లారెడ్డి. నాకంటే ముందు అక్కడ పనిచేసినాయన చర్చి తాళంచెవి, క్వార్టరు తాళంచెవి నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు.

"మూలకున్న పెట్టె తాళంచెవి మాత్రం సంఘ పెద్ద దగ్గరుంటది. దాని జోలికి పోకుండ్రి. మీ దినాలు మంచిగ గడుస్తయి."

ఇలాంటి సలహా ఇస్తే ఎవరైనా ఏం చేస్తారు? మొదటి ఆదివారం నా కళ్లు ఆ పెట్టె మీదే ఉన్నాయి. టేకు పెట్టె, ఇత్తడి మూలలు, పైన ఎర్ర బట్ట. చర్చిలోకి వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆ పెట్టె దగ్గరికి వెళ్లి చేత్తో తాకి కళ్లకద్దుకుని, తర్వాతే వచ్చి కూర్చుంటున్నారు. పిల్లల నెత్తి దానికి ఆనిస్తున్నారు. పక్కన కొవ్వొత్తులు, అగరుబత్తులు. ప్రసంగ వేదిక వైపు చూసేవాళ్ల కంటే మూలకు చూసేవాళ్లే ఎక్కువ. నా ప్రసంగం ఎవరికీ ఎక్కలేదని నాకే తెలిసిపోయింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద వచ్చి పరిచయం చేసుకున్నాడు. ఎత్తైన మనిషి, తెల్ల బట్టలు, పొలమూ కారూ ఉన్నవాడు, మాటంటే ఊళ్లో విలువున్నవాడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లకు మొట్టమొదట కాలినడకన వచ్చి వాక్యం చెప్పిన ఉపదేశి ఈయనకు తాత. పెట్టె తెరిచి చూపించాడు. లోపల మడతపెట్టిన నల్ల గొంగడి ఒకటి ఉంది.

"మా తాతది అయ్యగారు. అప్పట్ల ఒక పిల్ల జరంతోని కొయ్యబారిపోయిందట. మా తాత ప్రార్థన చేసి గీ గొంగడి కప్పిండు. పిల్ల లేచి కూసున్నది. అబద్ధమంటరేమో, ఆ పిల్ల ఇంక బతికే ఉన్నది. అగో, ఆ అవ్వనే!"

ముందు వరసలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. బీడీలు చుట్టి బతికిన మనిషి. అందరూ తనవైపు చూసేసరికి కొంగు సర్దుకుని బోసినోటితో నవ్వింది. ఏటేటా కోత పండుగనాడు ఆమెను వేదిక ఎక్కించి నిలబెట్టి, సంఘ పెద్ద ఈ కథ చెప్పడం అక్కడి ఆనవాయితీ.

వినడానికి ముచ్చటగానే ఉంది కదా? నాకూ అనిపించింది. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ గొంగడి చేసే పనులన్నీ తెలిశాయి. దుబాయి పోయేవాళ్లకు దాని పోగొకటి తాయెత్తులో పెట్టి కట్టేవారు. పరీక్షలు రాసేవాళ్లకు ఒక పోగు. పాలివ్వని బర్రెకు ఒక పోగు. అంతవరకు నవ్వుకుని ఊరుకోవచ్చు. అసలు భయం ఇంకొకటి. ఏ ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చినా దవాఖాన కంటే ముందు చర్చికి తెచ్చి గొంగడి కప్పేవారు. మెడదాకా, బిగించి. మంచిగా చెమట పడితే దేవుడు ముట్టినట్టు లెక్క.

"కాలే ఒంటి మీద ఉన్ని గొంగడి ఏమిటండీ? ఎప్పుడో ఒక పిల్ల ప్రాణం పోతుంది, అప్పుడు తెలుస్తుంది అందరికీ," అంది మా ఆవిడ మొదటిసారి చూసిన రోజే. ఆ మాట నా చెవిలో గుచ్చుకుని ఉండిపోయింది.

నా దగ్గరున్న ఆయుధం ప్రసంగం ఒక్కటే. దాన్నే నూరుకున్నాను. ఒక ఆదివారం ఇత్తడి సర్పం కథ ఎత్తుకున్నాను. ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులు ఎడారిలో నడుస్తుంటే పాములు కరిచి చనిపోసాగారు. దేవుడు చెప్పగా మోషే ఇత్తడితో ఒక పామును చేసి కర్ర మీద ఎత్తాడు. దానివైపు చూసినవాళ్లు బతికారు. చెడ్డ పనేమీ కాదు, దేవుడు చెప్పి చేయించిందే. కానీ ఆ జనం పామును దాచిపెట్టుకున్నారు. తరాలు మారాయి. దానికి ధూపం వేయడం మొదలైంది. చూడమన్న దేవుణ్ణి వదిలి చూసిన ఇత్తడిని పట్టుకున్నారు. కడకు హిజ్కియా అనే రాజు వచ్చి, ఇది ఉత్త ఇత్తడి ముక్క అని దాన్ని ముక్కలు ముక్కలుగా కొట్టించాడు.

ఉప్పూకారం బాగా దట్టించి చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. చేయి చాపి ఆ మూల పెట్టెను చూపించి, మన మధ్య ఒక హిజ్కియా లేడా అని గర్జించాను.

సంఘ పెద్ద లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, ఇంటిల్లిపాదినీ తీసుకుని బయటకు నడిచాడు. వెనకే అందరూ. ఆశీర్వాదం చెప్పే వేళకు లోపల మిగిలింది మా ఆవిడ, కీబోర్డు వాయించేవాడు, ముందు వరసలో ఆ అవ్వ. అవ్వ కూడా నా మీద అభిమానంతో ఉండలేదు, నిద్రపోతోంది!

నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకముందే కామారెడ్డికి ఫోన్లు వెళ్లాయి. ఆ నెల పాస్టర్ల మీటింగులో మా పైఅధికారి పెద్దయ్యగారు అందరి ముందూ నన్ను నిలబెట్టారు. ఆయన మంచివాడే. గొడవ అంటే మాత్రం ఆమడ దూరం.

"నీకు హిజ్కియా రాజు కావాలన్న సోకు ఎందుకయ్యా? ఆయనకు సైన్యముండె, కోటలుండె. నీకేమున్నది? ఒక స్కూటరు. అది గూడ తన్నంగ తన్నంగ స్టార్ట్ అయితది."

అందరూ ఘొల్లున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ పైకి గంభీరంగా ఉన్నాను. గొంగడి జోలికి పోను, సంఘ పెద్దను క్షమాపణ అడుగుతాను అని చెప్పించుకుని వదిలారు. బయట హోటల్లో మా తోటివాళ్లు నన్ను వదల్లేదు. "రాజా, చాయ్ తాగుతరా?" అని ఒకడు, "రాజుగారికి సమోసా పెట్టుండ్రిరా" అని ఇంకొకడు. పిట్లం వైపు పనిచేసే పెద్దాయన ఒకాయన మాత్రం నవ్వకుండా నా పక్కకొచ్చి కూర్చున్నాడు. మాలో ఆయనే అందరికంటే సీనియర్, తక్కువ మాట్లాడేవాడు.

"తమ్మీ, ఒక్కటి అడుగుత. పాము ముచ్చట గట్టిగనే చెప్పినవు. మరి ఆ ఉపదేశి ఏం చేసిండో ఎవరినన్న అడిగినవా?"

"గొంగడి కప్పిండంట గదా అన్నా?"

"అది గొంగడి ముచ్చట. నేను మనిషి ముచ్చట అడుగుతున్న. ఆయనను కండ్లతోని చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

ఉన్నారు. ఒక్క మనిషి ఉంది. నా ప్రసంగంలో నిద్రపోయిన మనిషి. ఊళ్లో ఎవరిని అడిగినా ఆమెను వేలితో చూపిస్తారు, ఆమెను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకైనా తోచిందా? బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా ఆమె ఉండే గల్లీకి నడిచాను.

అవ్వ గడపలో కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఈ వయసులో కూడానా అంటే, చేతులు ఊరుకోవు బిడ్డా అంది. పీట చూపించింది. చిన్నప్పటి జ్వరం సంగతి చెప్పమన్నాను. చేతులు ఆగాయి.

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే అవ్వా."

"ఇగో, నన్ను గిట్ల అడిగినోడివి నువ్వే. పండుగకు నిలవడుమంటరు, నిలవడ్త. కూసోమంటరు, కూసుంట. మాట్లాడేది ఆయనే గద."

ఇక మొదలుపెట్టింది చూడండి, నేను పీట మీద నుంచి కదలలేదు.

"వాన. ఒక్కటే వాన. మా నాయిన లేకపాయె. నన్ను కన్న మా అవ్వ నెత్తి కొట్టుకొని ఏడుస్తుంది. ఆ ఉపదేశి తాత వచ్చిండు. మోకాళ్లేసి ప్రార్థన చేసిండు. చేసినంక ఊకున్నడా? లే. నన్ను ఈపున ఏసుకున్నడు, పైకెల్లి గొంగడి కప్పిండు. జరానికి కాదు బిడ్డా, వానకు! గొల్లోళ్లు కప్పుకోరా వానల, గట్ల. నడిచిండు. కామారెడ్డి దాక నడిచిండు. నడుమల ఎవలో జర దూరం బండి ఎక్కిచ్చిన్రు, మళ్ల దించిన్రు. వాగు ఒకటి నిండ పారుతుంటె నన్ను నెత్తి మీద పెట్టుకొని దాటిండు. నేను భయపడి ఆయన జుట్టు గుంజిన. కామారెడ్డిల రైలెక్కిచ్చి దవాఖానకు తీసుకపోయిండు. ఆడ సూది ఇచ్చిన్రు."

అవ్వ తుంటి మీద చేయి వేసుకుని పకపకా నవ్వింది.

"ఆ సూది నొప్పి నాకింక యాదున్నది! ఆఖరికి డబల్ రొట్టె పెట్టిన్రు. గసొంటి మెత్తటి రొట్టె నేనెన్నడు తినలే. మంచిగైనంక మళ్ల ఆయనే ఎత్తుకొచ్చి మా అవ్వ చేతుల పెట్టిండు."

ఎంత సొగసైన కథను ఎంత చిన్నగా కత్తిరించేశారు! నడక పోయింది, వాగు పోయింది, రైలు పోయింది, సూది పోయింది. మిగిలింది గొంగడి ముక్క. ఎవరో కావాలని చేసింది కూడా కాదు. చెప్పేవాళ్లు తొందరలో చెప్పి ఉంటారు, వినేవాళ్లు దేవుడి పనికి నడక ఎందుకు, సూది ఎందుకు అనుకుని ఉంటారు. ఆదివారం నువ్వే లేచి ఈ మాట చెప్పాలి అవ్వా అన్నాను ఉబ్బితబ్బిబ్బై.

"నేను చెప్ప," అంది అవ్వ, మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంటూ. "నా ఇంటి మీద రేకులు ఏపిచ్చింది ఆ పెద్దమనిషి. నా కొడుకు సచ్చినప్పుడు ముంగటుండి అన్ని చూసుకున్నడు. గొంగడి మీదనే ఆయన ఇజ్జత్ ఉన్నది. నేను నోరు తెరిస్తె నలుగుట్ల ఆయన తల కిందికైతది. నేను చెప్ప బిడ్డా, నువ్వు గూడ చెప్పకు."

ఏం చేయను? మాట ఇచ్చి వచ్చాను. సంఘ పెద్దను క్షమాపణ అడిగాను, జనం మళ్లీ చర్చికి రాసాగారు. నిజం చేతికొచ్చి కూడా నోరు కట్టేసుకుని తిరగడం ఎంత కష్టమో నాలాంటి వాగుడుకాయకే తెలుస్తుంది. మా ఆవిడకు మాత్రం చెప్పాను. ఇంట్లో చెప్పడం చెప్పడం కిందికి రాదు కదా.

వానాకాలం ముదిరింది. ఇంటింటా జ్వరాలు. ఒకరోజు పొద్దున చర్చి వైపు నుంచి ఆడవాళ్ల ఏడుపు కలిసిన ప్రార్థన వినిపిస్తే పరుగెత్తాను. బీడీలు చుట్టే ఒకమ్మాయి, భర్త దుబాయిలో ఉన్నాడు, తన కూతురిని తెచ్చి పడుకోబెట్టింది. బడి ఈడు ఇంకా రాని పిల్ల. జ్వరం ఎన్ని గోళీలు వేసినా దిగలేదట. గొంగడి మెడదాకా బిగించి కప్పారు. పిల్ల ముఖం కందగడ్డలా ఎర్రబడి ఉంది. సంఘ పెద్ద తలాపున మోకరించి ఉన్నాడు. తలుపులు, కిటికీలు మూసేశారు. ఊపిరాడటం లేదు నాకే.

"తీయండి, ముందు ఆ గొంగడి తీయండి! దవాఖానకు పోదాం!" అన్నాను.

"అయ్యగారు, మీరు ప్రార్థన చేస్తె చెయ్యుండ్రి. లేకుంటె బయట నిలవడుండ్రి," అన్నాడు సంఘ పెద్ద, తల తిప్పకుండానే.

ఇంతలో పిల్ల కళ్లు పైకి తేలిపోయాయి. గొంగడి కింద కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. అప్పుడు వాళ్లు ఏమన్నారో తెలుసా? "దేవుడు ముడుతున్నడు! ముడుతున్నడు!" అని చప్పట్లు కొట్టారు! ఫిట్స్ వచ్చి పిల్ల గిలగిలలాడుతుంటే చప్పట్లు! పిల్లను లాక్కుందామని వంగాను. తల్లి గుండెలకు హత్తుకుని నన్ను మోచేత్తో తోసేసింది.

"ముట్టకుండ్రి! మీకు నమ్మకం లేదు, మీరు ముడితె నా బిడ్డ పోతది!"

కొత్త తమ్ముళ్లారా, మీ నోటి మాటకు ఎంత విలువుందో తెలుసుకోవాలంటే అలాంటి చోట నిలబడాలి. నేను చెప్పిన పాము కథ, నా గర్జన, నా చదువు, ఏదీ ఆ తల్లి చేతులను ఒక్క వేలు కూడా సడలించలేకపోయింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. గడపలో అవ్వ. వెనక మా ఆవిడ, రొప్పుతోంది. నేను ఇక్కడ వాదిస్తున్నప్పుడే ఆవిడ గల్లీలోకి పరుగెత్తి అవ్వను లేవదీసుకొచ్చింది. అవ్వ చేతులకు ఇంకా తంబాకు పొడి ఉంది. పిల్లను చూసింది. సంఘ పెద్దను చూసింది. చెప్పదేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే ఆశ వదులుకున్నాను.

"తియ్యుండ్రి ఆ గొంగడి," అంది అవ్వ.

ప్రార్థన ఆగిపోయింది. చెప్పింది నేను కాదు కదా, గొంగడికి సాక్షి!

"నన్ను చూపిచ్చుకుంటనే గదా ఇన్నేండ్లు మీరు నమ్మింది? మరి నా మాట ఇనుండ్రి. ఓ కొడుకా, నీ తాత నన్ను చర్చిల పండవెట్టలే. ఎత్తుకున్నడు! వానల నడిచిండు, వాగు దాటిండు, కామారెడ్డి దాక మోసిండు, రైలెక్కిచ్చిండు, దవాఖానల సూది ఏపిచ్చిండు. గొంగడి కప్పింది వానకు! నన్ను బతికిచ్చింది దేవుడు, మోసింది నీ తాత. ఆయన గొప్పోడు కొడుకా, ఈ గొంగడి కాదు. నీ ఇజ్జత్ పోతదని నోరు మూసుకొని ఉన్న. ఈ పిల్ల పోయినంక ఏం చేసుకుంటవు ఇజ్జత్?"

సంఘ పెద్ద కోప్పడతాడనుకున్నాను. అవ్వ వైపు చూసి, "నడిచిండా?" అన్నాడు, అంతే.

"నడిచిండు బిడ్డా."

మోకాళ్ల మీద నుంచి లేచాడు. గొంగడి కొస పట్టుకుని లాగి అవతల పడేశాడు. పిల్లను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. తల్లి అడ్డుపడలేదు, ఆయన వెనకే పరుగెత్తింది. తెల్ల బట్టల పెద్దమనిషి చెప్పులు లేకుండా బురదలో కారు దాకా పరుగెత్తడం ఎల్లారెడ్డి అంతా చూసింది. నేను కూడా ఎలాగో కారులో దూరాను.

ఎల్లారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, తడిగుడ్డలతో ఒళ్లు తుడిపించింది. కొట్టుకోవడం ఆగింది. ఇంత జ్వరంలో ఉన్ని దుప్పటి కప్పుతారా, మీకు బుద్ధుందా అని మా అందరినీ కలిపి తిట్టింది. ఆ తిట్లు నాకు కీర్తనలా వినిపించాయి. కామారెడ్డికి తీసుకెళ్లమంది. తల్లీ పిల్లా అంబులెన్సులో, వెనక కారులో సంఘ పెద్ద, నేను. వాన పడుతోంది. అడవి దాటాక ఆయన అడిగాడు.

"ఈ తోవంత నడిచిండా అయ్యగారు? పిల్లను మోసుకొని?"

"అవునట అన్నా."

"మా నాయిన గొంగడి చేతుల పెట్టిండు గని గీ ముచ్చట చెప్పలే. ఆయనకు గూడ తెల్వదేమో. గొంగడి కంటె గిదే పెద్దది గదా అయ్యగారు?"

స్టీరింగు మీద చేతులుంచుకునే ఏడ్చాడు. ఎంత ప్రసంగం చెప్పవచ్చో ఆ చోట! నాలుక చివరిదాకా వచ్చింది. నా సర్వీసులో మొదటిసారి ఎవరూ ఆపకుండానే నోరు మూసుకున్నాను, అది నా గొప్పే అనుకోండి.

డెంగీ అన్నారు. తల్లికి ఇంటి నుంచి కూడు తేవడం, రక్తం ఇచ్చేవాళ్లను వెతకడం, రాత్రీపగలూ బెంచీ మీద కాపలా, అంతా సంఘ పెద్దే. పిల్ల కళ్లు తెరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. నీరసంగా అటూ ఇటూ చూసి, "అమ్మా, ఆకలైతుంది. మిర్చి బజ్జి కావాలె," అంది. డాక్టరు పగలబడి నవ్వాడు. సంఘ పెద్ద లేచి నిజంగానే బజ్జీల కోసం వెళ్లబోతే తల్లి ఆపింది. వార్డులో అందరికీ వినపడేలా నేను స్తోత్రం అని అరిచాను. నర్సు గదమాయించింది. ఆ రోజు ఎవరేమన్నా నాకు పట్టలేదు, అంత సంతోషంగా ఉన్నాను.

ఇప్పుడు చెప్పే మాట తమ్ముళ్లు కాస్త మనసులో పెట్టుకోండి. విగ్రహారాధన మీద ప్రసంగం చేయాలనగానే మనలో చాలామంది పక్కింటివాళ్ల వైపు వేలు చూపిస్తారు. ఇశ్రాయేలు ప్రవక్తలను చదవండి సరిగ్గా. వాళ్ల కోపమంతా సొంత ఇంటి మీదే. మోషే కొండ మీద ఉండగా ఆ జనం మొక్కిన బంగారు దూడను పోతపోసింది పరాయివాడు కాదు, సాక్షాత్తూ మోషే అన్న. కరిగించినవి సొంత ఆడవాళ్ల చెవిపోగులే. ఇత్తడి పాము అంతకన్నా దగ్గరిది, మోషే చేతి పని. ఆ జనానికి దేవుడి రూపం తెలియదు. ఆయన తమను ఏ దారిన నడిపించాడో అదే తెలుసు. బానిస బతుకు నుంచి బయటికి తెచ్చాడు, సముద్రం దాటించాడు, ఎడారిలో అన్నం పెట్టాడు. ఆ నడక చెప్పుకున్నంత కాలం నమ్మకంగా ఉన్నారు. నడక మరిచిపోయి చేతికి అందిన వస్తువును పట్టుకున్నప్పుడల్లా చెడిపోయారు. నేను హిజ్కియాలాగా పగలగొట్టడానికి బయలుదేరాను. నడక గుర్తుచేయడం అవ్వ వల్ల అయింది, ఆమెను సమయానికి తేవడం మా ఆవిడ వల్ల అయింది. వాళ్లతో పాటు నేనూ ఆ గెలుపులో ఉన్నాను, అదే నాకు చాలు.

కోత పండుగ వచ్చింది. వడ్ల బస్తాలు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, చర్చి నిండా పంటే. కామారెడ్డి నుంచి పెద్దయ్యగారు కూడా వచ్చారు. ఎప్పటిలాగే అవ్వను వేదిక ఎక్కించారు. ఎప్పటిలాగే సంఘ పెద్ద మైకు పట్టుకున్నాడు. జనం కూడా ఎప్పటిలాగే చప్పట్లకు సిద్ధమయ్యారు.

"ఇన్నేండ్లు ఈ ముచ్చట నేను సగమే చెప్పిన. తెల్వక చెప్పిన. ఇయ్యాల మొత్తం అవ్వ చెప్తది," అని మైకు ఆమె చేతికిచ్చాడు.

అవ్వ మైకును మక్క కంకిలా పట్టుకుని మొదలుపెట్టింది. వాన వచ్చింది, వాగు వచ్చింది, రైలు వచ్చింది. సూది దగ్గర తుంటి చూపిస్తే చర్చి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. తాత మళ్లీ ఎత్తుకొచ్చి అమ్మ చేతిలో పెట్టాడనే చోట ఏడవనివాళ్లు లేరు. సంఘ పెద్ద తల కిందికి అవుతుందని అవ్వ భయపడింది కదా, అటు చూశాను. ఆయన తల అంత ఎత్తున ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత గొంగడి ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. యువకులు కొందరు మహా హుషారుగా, కాల్చేద్దాం అయ్యగారూ, హిజ్కియా చేసినట్టే అన్నారు. పెద్దయ్యగారు నావైపు అనుమానంగా చూశారు. నేను నోరు తెరిచే లోపే అవ్వ మైకులోనే అరిచింది.

"కాలవెడ్తరా? మీ తెలివి మండ! మంచి గొంగడి, ఉన్నిది. చలికాలమొస్తుంది, నా ఇంటి రేకులకెల్లి సలిగాలి కొడ్తుంది. నాకియ్యుండ్రి, కప్పుకొని పండుకుంట!"

పెద్దయ్యగారే ముందు నవ్వారు. సంఘ పెద్ద పెట్టె తెరిచి, గొంగడి తీసి, బాగా దులిపి అవ్వ భుజాల మీద కప్పాడు. దుమ్ముకు ముందు వరస వాళ్లంతా తుమ్మారు. అవ్వ అది కప్పుకుని, భోజనాల వాసన వచ్చే వైపు మెట్లు దిగింది.

దారిలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది, పక్కన పిల్ల. అలవాటు ఎక్కడికి పోతుంది? అవ్వ తన ముందు నుంచి పోతుంటే వంగి గొంగడి అంచు తాకి కళ్లకద్దుకోబోయింది. అవ్వ ఆగి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఏందే, ఇంక దీనికే మొక్కుతవా? లే, పిల్లకు అన్నం పెట్టు పో!"

ఆ తల్లి సిగ్గుపడి నవ్వింది. లేచి, కూతురిని చంకనేసుకుని అన్నాల దగ్గరికి నడిచింది.